క్రైమ్ సిరీస్‌లు సంచార జాతుల్ని రాత్రిపూటే ఎందుకు చూపిస్తాయి?

లంకగాలి (కోనసీమ) — సోమవారం, రాత్రి 9:40

శనివారం రాత్రి ఇంట్లో అందరం కూర్చుని ఒక క్రైమ్ సిరీస్ చూశాం. పేరు చెప్పను, నా బాధ ఆ ఒక్కదాని గురించి కాదు. ఊళ్లో వరుసగా దోపిడీలు జరుగుతాయి, ఒక ముసలాయన్ని చంపేస్తారు. నాలుగో ఎపిసోడ్‌లో పెద్దాఫీసరు మ్యాపు మీద వేలు పెట్టి, ఇది ఫలానా జాతి వాళ్ల పనే, వాళ్ల రక్తంలోనే ఉంది అంటాడు. వెంటనే ఊరి చివర గుడారాలు, మంటలు, చింపిరి జుట్టు పిల్లలు, ఎవరికీ అర్థంకాని భాషలో అరుపులు.

ఇవాళ పొద్దున్న మా వీధిలోకి చాటలావిడ వచ్చింది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ, అంటే పదిహేనేళ్లుగా ఏటా వస్తూనే ఉంది. మా ఇంట్లో ఉన్న చాటలన్నీ ఆవిడ అల్లినవే. గేటు దగ్గర "చాటలమ్మా" అనగానే మా తోడికోడలి కూతురు పరిగెత్తుకెళ్లి గడియ పెట్టేసింది. దానికి తొమ్మిదేళ్లు. "పెద్దమ్మా, టీవీలో వాళ్లే వచ్చారు" అంది, గట్టిగానే. ఆవిడకి వినబడింది. ఏమీ అనలేదు. తలమీద కట్ట సర్దుకుని, పక్కింటి ముందు కూడా ఆగకుండా నేరుగా కాలవగట్టెక్కి వెళ్లిపోయింది.

వెనక్కి పిలవాల్సింది, పిలవలేదు. పొద్దున్నుంచి అదే మనసులో తిరుగుతోంది. ఈ సిరీస్‌లు తీసేవాళ్లకి ఆ జాతుల వాళ్ల పగలు ఎప్పుడూ కనబడదా? మీ ఊళ్లలో ఎలా ఉంది?

తూముగట్టు (ఉండి) — సోమవారం, రాత్రి 10:15

మీరు చెప్పిన పగలు నేను మా చేలో చూస్తుంటానండీ. సార్వా పొట్టకొచ్చేసరికి ఎలకలు దిగుతాయి. ఒక్క రాత్రిలో గట్టు పక్క దుబ్బుకి దుబ్బు కొరికి పడేస్తాయి. మందు పెడితే నాలుగు చస్తాయి, మిగతావి దాన్ని ముట్టవు. అప్పుడు యానాదులకి కబురు పెడతాం. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వస్తారు. ఆయన కన్నం ముందు మట్టిని వేళ్లతో నలిపి చూసి లోపల ఎలక ఉందో లేదో చెప్పేస్తాడు. ఉందంటే చిల్లికుండ తీస్తాడు. కుండలో ఎండుగడ్డి కుక్కి అంటించి, మూతిని కన్నానికి ఆనించి, అడుగున ఉన్న చిల్లు దగ్గర నోరు పెట్టి ఊదుతాడు. పొగ ఇంకే కన్నాల్లోంచి లేస్తోందో ఆవిడ తిరిగి చూసి, వాటిని మట్టిముద్దలతో మూసేస్తుంది. ఒక్క దారే వదులుతుంది. పని అయ్యేసరికి ఆయన కళ్లు మిరపపళ్లలా ఉంటాయి. తోక లెక్కన డబ్బు. ఆ తోకలు గడ్డిపోచతో కట్ట కట్టి నా ముందు లెక్కపెడతాడు, ఒక్కటి ఎక్కువ చెప్పడు.

ఇంకొందరు సాయంత్రం వెదురు బుట్టలు పెట్టి, తెల్లారకముందే టార్చి పట్టుకుని తీసుకుంటారు. చేలగట్ల మీద రాత్రిపూట లైటు కనబడితే మా ఊళ్లో ఎవరికీ కంగారుండేది కాదు. కిందటేడు మాత్రం కొత్తగా వచ్చి ఇల్లు కట్టుకున్నాయన పోలీసులకి ఫోన్ చేశాడు. ఆయన చేను చేసే మనిషి కాదు, ఆ వెలుగేంటో ఆయనకి తెలియదు. టీవీలో చూసిందే తెలుసు.

కెరటం (నరసాపురం) — సోమవారం, రాత్రి 11:02

నేను వేరే మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మా అక్కయ్య ఇంట్లో దొంగలు పడ్డారు. వెనక తలుపు గునపంతో పెకలించి ఎనిమిది కాసుల బంగారం పట్టుకుపోయారు. ఆరోజు నుంచి అక్కయ్య లైటు ఆర్పి పడుకోలేదు. 2021 డిసెంబరులో విజయవాడ, తాడేపల్లి చుట్టుపక్కల చెడ్డీ గ్యాంగ్ అని అందరూ వణికిపోయిన సంగతి మర్చిపోయారా? అప్పుడు మా వీధిలో కుర్రాళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. "ఖాకీ" సినిమా కూడా నిజంగా జరిగిన కేసు మీద తీసిందే. జరిగింది చూపిస్తే తప్పేంటి? దొంగతనం జరిగిన ఇంట్లో వాళ్ల బాధ కూడా చూడాలి కదా.

పాత హెడ్డు — మంగళవారం, ఉదయం 6:20

నేను ముప్పై ఏళ్లకు పైగా పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. కెరటం గారూ, మీ అక్కగారింట్లో జరిగింది చిన్న విషయం అని ఎవరూ అనరు. ఇంట్లో దొంగ తిరిగాడంటే ఆడవాళ్లకి ఏళ్ల తరబడి నిద్ర పట్టదు, నేను ఎన్ని ఇళ్లలో చూశానో.

కానీ ఒక మాట. మనం తిట్టుకి వాడే "కేడీ" ఎక్కడిదో తెలుసా? పోలీసు రికార్డులోది. నోన్ డెప్రిడేటర్ (Known Depredator, అంటే తెలిసిన దోపిడీదారు) అని తెల్లదొరల నాటి రిజిస్టరు. పేరెక్కిన మనిషి ఇంటికి రాత్రి వెళ్లి ఉన్నాడో లేదో చూసి రావాలి. నేనూ వెళ్లాను. చాపమీద పడుకున్నవాణ్ణి లేపి, మొహం మీద టార్చి వేసి, పుస్తకంలో రాసుకుని వచ్చేవాణ్ణి. పక్కన పిల్లలు లేచి కూర్చునేవాళ్లు. ఆ పిల్లలు ఏడ్చేవాళ్లు కాదు, అలవాటైపోయింది. అది నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

దీని వెనక చట్టం ఉంది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు, 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. మన గోదావరి జిల్లాలు అప్పుడు అందులోవే. ఒక జాతిని నోటిఫై చేస్తే అందులో పుట్టిన పిల్లవాడు కూడా నేరస్థుడే. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా నోటిఫై చేసినవాళ్లని ఉంచడానికి పుట్టిందే, 1913 ప్రాంతంలో. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించారు. ఆ ఊరికి ఉన్నది హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటికీ పోవాలని చెప్పిన కమిటీ మన తిరుచానూరు మనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగారిది, 1949లో వేశారు. 1952 ఆగస్టు 31న పోయింది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో 127 జాతులు, సుమారు 1 కోటి 30 లక్షల మంది ఆ ముద్ర కింద ఉన్నారని లెక్క.

ఆ చట్టం పోయినా, అలవాటుపడిన నేరస్థులని ఇంకో చట్టం వచ్చింది. మద్రాసులో 1948లో, మన రాష్ట్రంలో 1962లో. కాగితం మీద జాతి పేరు లేదు. స్టేషన్‌కి కొత్తగా వచ్చిన కుర్రాడికి చెప్పే మాటల్లో మాత్రం ఉండేది. నాకూ చెప్పారు, నేనూ తర్వాతివాళ్లకి చెప్పాను. తప్పు చేశాను.

వెదురుపువ్వు (తణుకు దగ్గర) — మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను ఎరుకల అబ్బాయిని. ఈ వేదికలో నాలుగేళ్లుగా ఉన్నాను, ఆ సంగతి ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

హెడ్డు గారూ, మీరు టార్చి వేసిన ఆ చాప పక్కన లేచి కూర్చునే పిల్లల్లో మా నాన్న ఒకడు. మీ స్టేషన్ కాకపోవచ్చు. మీరు తప్పు అని రాశారు చూడండి, నాకు తెలిసి పోలీసు మనిషి నోట ఆ మాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. రాత్రి ఇంటికెళ్లాక నాన్నకి చదివి వినిపిస్తాను.

కెరటం గారు నిజం చూపిస్తే తప్పేంటన్నారు. చూపించమనండి, మొత్తం నిజం. మా తాతల తాతలు ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని కోస్తా నుంచి మెట్టకి, మెట్ట నుంచి కోస్తాకి తిరిగినవాళ్లు. వ్యాపారం అది. రైళ్లొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, ఆ బతుకు తెగిపోయింది. తిరిగే అలవాటు మాత్రం మిగిలింది. ఇల్లూ పొలం లేకుండా తిరిగేవాడంటే దొరకి అనుమానం. పొట్ట కొట్టినవాళ్లే దొంగ అని రాసుకున్నారు. ఏ సిరీస్‌లోనైనా ఆ ఎడ్ల బారు చూశారా మీరు?

ఇంకోటి. మమ్మల్ని చూపించిన ప్రతిసారీ "కోడ్ భాష" అంటారు. పోలీసులకి అర్థం కాకూడదని దొంగలు పెట్టుకున్న భాషట. అది కోడ్ కాదు, కుర్రు భాష. తమిళానికి దగ్గరి చుట్టం. మా నానమ్మ నన్ను ఉయ్యాల్లో ఊపింది ఆ భాషలోనే. నాకు అర్థమవుతుంది గానీ గుక్కతిప్పుకోకుండా మాట్లాడలేను, ఎందుకంటే బస్సులో మాట్లాడొద్దని అమ్మ నోరు నొక్కేది. జనం బ్యాగులు దగ్గరికి లాక్కుంటారని. ఒక భాష చచ్చిపోవడానికి తుపాకులు అక్కర్లేదు, బస్సులో నాలుగు చూపులు చాలు.

చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఒకడి పర్సు పోయింది. మొత్తం గదులు వెతుకుతామన్నారు, నా పెట్టెతో మొదలుపెట్టారు. పర్సు ఆ అబ్బాయి తువ్వాల్లోనే చుట్టుకుని దొరికింది. నా పెట్టె మాత్రం మళ్లీ ఎవరూ సర్దిపెట్టలేదు. అందులో నానమ్మ అల్లిన చిన్న బుట్ట ఉండేది, అడుగు విరిగింది.

సోదెమ్మ మనవరాలు (రామచంద్రపురం) — మంగళవారం, సాయంత్రం 4:50

బాబూ, నీ పోస్టు చదివి కాసేపు ఏమీ చేయలేకపోయాను.

నేను తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా చిన్నప్పుడు కాలక్షేపాల్లో పద్మావతీ కల్యాణం చెప్పేవారు. అందులో సాక్షాత్తూ వేంకటేశ్వరుడు ఆకాశరాజు ఇంటికి ఏ వేషంలో వెళ్తాడు? ఎరుకలసాని వేషంలో. చేతిలో కర్ర, చంకన బుట్ట, ఎరుక చెప్తానమ్మా అంటూ. ధరణీదేవి ఆవిడని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, చేటలో బియ్యం పోసి కూతురి జబ్బేమిటో చెప్పమంటుంది. కొండ దిగి వచ్చిన దేవుడికే రాణివాసంలో అడుగుపెట్టడానికి ఎరుకలసాని రూపం కావలసి వచ్చింది. ఆ ఆడమనిషికి అంతటి గౌరవం ఉన్న కథల్లో పెరిగాం మనం. వంద నూటపాతికేళ్లలో ఆ మనిషి పోలీసు మ్యాపు మీద ఎర్ర చుక్క అయిపోయింది.

ఇంకా ఎంతమంది! సంక్రాంతికి గంగిరెద్దులవాళ్లు, తెల్లారకుండా డమరుకం మోగిస్తూ బుడబుక్కలవాళ్లు, వంశావళి ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పే పిచ్చుగుంట్లవాళ్లు (ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు, అదే అనాలి). బుడబుక్కలవాడు రాత్రి నాలుగో జామున వచ్చేవాడు. ఇప్పుడా వేళకి ఒంటరిగా వీధిలో నడిస్తే ఏమవుతుందో మనకి తెలుసు.

కాలవదారి (భీమవరం) — మంగళవారం, సాయంత్రం 6:05

ఏమవుతుందో మేడమ్‌గారు మాటవరసకి అన్నారు గానీ, జరిగింది కూడా. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో ఒకటే టెన్షన్. మన రెండు రాష్ట్రాల్లోనూ దారినపోయే బిచ్చగాళ్లని, మతిస్థిమితం లేనివాళ్లని పట్టుకుని కొట్టారు. అదే ఏడాది జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని సంతరోజు జనం కొట్టి చంపేశారు. వాళ్లు నాథపంథీ దావరీ గోసావీలు, ఊరూరూ తిరిగి అడుక్కుని బతికే సంచార జాతి. పోలీసు మ్యాపు కూడా అక్కర్లేకపోయింది. చూడగానే ఎత్తుకుపోయేవాళ్లలా ఉన్నారన్నారు. "ఎత్తుకుపోయేవాళ్లలా" ఉండటం అంటే ఏంటో జనానికి ఎవరు నేర్పారు?

రీలుపెట్టె (పాలకొల్లు, ప్రస్తుతం హైదరాబాద్) — మంగళవారం, రాత్రి 11:48

నేను సిరీస్‌లకి రైటింగ్ టీమ్‌లో పనిచేస్తాను. మీరడిగిన ప్రశ్నకి లోపలి నుంచి జవాబు చెప్తాను.

ఎనిమిది ఎపిసోడ్ల కథ. మూడోదాకా హంతకుడు ఎవరో తెలియకుండా లాగాలి, నాలుగో దాంట్లో ఊరు మొత్తం భయపడే ఒక ముఖం కావాలి. ఒక డాక్టరో కాంట్రాక్టరో చేశాడంటే ఎందుకు చేశాడో రాయాలి. దానికి సీన్లు పడతాయి. ఫలానా జాతి అంటే కారణం రాయక్కర్లేదు, "రక్తంలో ఉంది" అన్న ఒక్క డైలాగుతో పని అయిపోతుంది. రైటర్‌కి ఇంతకంటే సుళువైన దారి లేదు. కోర్టుకి వెళ్లేంత డబ్బు వాళ్ల దగ్గర ఉండదన్న ధైర్యం కూడా ఉంటుంది. ఆ మాట ఎవరూ పైకి అనరు.

పేదరికం సంగతి ఇంకా ఘోరం. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి కాగితం వెళ్తుంది: గుడారాలు 12, మేకలు 6, నెగళ్లు 3, చిరిగిన బొంతలు. పిల్లల మొహానికి మసి పూస్తారు, కెమెరామన్ పసుపు రంగు ఫిల్టర్ వేస్తాడు. ఆ కాగితంలో స్కూలు బ్యాగు రాయడం నేను ఒక్కసారీ చూడలేదు. రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు చూడలేదు. మా పాలకొల్లు కాలవగట్టు మీద ఉండేవాళ్ల గుడిసెల్లో ముందు కనబడేది ఆ కవరే, వాసానికి వేలాడుతూ. నీళ్లు తగలకుండా అంత ఎత్తున కడతారు. ఫోన్లు ఛార్జింగ్‌కి బడ్డీకొట్లో పెట్టి, రాత్రి ఎనిమిదికి వచ్చి తీసుకెళ్తారు. ఇవన్నీ తీస్తే చూసేవాడికి భయం వేయదు. భయం వేయకపోతే ఎపిసోడ్ ముందుకి కదలదు. అందుకే రాత్రి, అందుకే మంట.

బాగా తీసినవీ ఉన్నాయి. "ఢిల్లీ క్రైమ్" రెండో సీజన్, 2022లో వచ్చింది. వృద్ధుల హత్యలు జరుగుతాయి, మొదటి అనుమానం విముక్త జాతి (ఆ పాత చట్టం ముద్ర నుంచి బయటపడ్డ జాతి) వాళ్ల మీదికే పోతుంది, పట్టుకొస్తారు కూడా. ఆ అరెస్టులు సరైనవేనా అని పోలీసులే తర్జనభర్జన పడతారు. చివరికి చేసింది ఒక పాత ముఠా పద్ధతిని కాపీ కొట్టిన వేరేవాళ్లు. అంటే మన అనుమానాన్నే కథ చేశారు. అలా రాయొచ్చు.

వెదురుపువ్వు — బుధవారం, ఉదయం 7:10

రీలుపెట్టె గారూ, ఆ ప్లాస్టిక్ కవరు మాట మా ఇంట్లోంచి తీసినట్టుంది.

"జై భీమ్" గురించి కూడా చెప్పాలి. 2021లో వచ్చినప్పుడు నేను చూస్తూ మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయాను. చూడలేక. 1993లో తమిళనాడులో జరిగిన రాజకన్ను లాకప్ మరణం కేసు అది. ఆయన కురవర్ మనిషి, అంటే వరసకి మాకు దాయాదులు. సినిమాలో ఇరులర్ అనే ఇంకో జాతిగా మార్చారు. ఎందుకు మార్చారో గానీ నాకు కష్టంగా అనిపించింది. చచ్చిపోయాక కూడా మా పేరు మాకు రాలేదు. ఐనా ఆ సినిమా చేసిన మేలు పెద్దది. మా ఆఫీసులో ఒకతను మర్నాడు నా దగ్గరికి వచ్చి, లాకప్‌లో నిజంగా అలా జరుగుతుందా అని అడిగాడు. జరుగుతుందన్నాను. నేనెవరో మాత్రం అప్పుడూ చెప్పలేదు.

నాకు ఏడిపించే సినిమా ఒక్కటే చాలదండీ. దొంగగానో, దెబ్బలు తినేవాడిగానో, రెండే వేషాలు మాకు. నానమ్మ వెదురు చీల్చేటప్పుడు కత్తిని కదపదు. కత్తిని కాలి బొటనవేలికీ నేలకీ మధ్య నిలబెట్టి, వెదురునే లాగుతుంది. బద్ద కాగితంలా వస్తుంది, మధ్యలో ఎక్కడా తెగదు. అరవై ఏళ్ల పనితనం అది. ఒక్క నిమిషం కెమెరా ఆ వేళ్ల మీద పెట్టండి చాలు.

కెరటం — బుధవారం, ఉదయం 9:25

అన్నీ చదివాను. మా అక్కయ్యకి ఫోన్ చేసి అడిగాను, ఆరోజు పోలీసులు ఎవర్ని పట్టుకెళ్లారు అని. గట్టు మీద ఉండే నలుగురిని రెండ్రోజులు ఉంచి వదిలేశారట. బంగారం తీసినవాడు ఏడాది తర్వాత ఇంకో కేసులో దొరికాడు. అక్కయ్య ఇంటికి మేడ కట్టిన తాపీ మేస్త్రీ దగ్గర పనిచేసిన మనిషి. ఆ నలుగురి సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు, నేను అడగనూ లేదు. గ్యాంగులు ఉన్నాయి అన్న మాట నేను వెనక్కి తీసుకోను. ముఠాకి ముఠా పేరు పెట్టండి, జాతి పేరు పెట్టొద్దు. అంతవరకు ఒప్పుకుంటున్నాను.

పాత హెడ్డు — బుధవారం, మధ్యాహ్నం 12:40

సరిగ్గా చెప్పారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు కూడా జైలు మాన్యువళ్లలో కులం చూసి పని పంచే రూల్స్ కొట్టేస్తూ, విముక్త జాతుల వాళ్లని పుట్టుకతో నేరస్థులుగా చూడటం చెల్లదంది. ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయొద్దని పోలీసులకీ చెప్పింది. సిరీస్ రాసేవాళ్లు ఒక్కసారి ఆ తీర్పు చదివితే బాగుండు.

స్టువర్టుపురం పేరుతో సినిమాలు తీశారు గానీ, 1970ల నుంచి సంఘసేవకులు లవణం, హేమలతా లవణం అక్కడికి వెళ్లి ఆ కుటుంబాలతో కలిసి చేసిన పని మీద మాత్రం ఎవరూ సిరీస్ తీయలేదు. హేమలత గారు జాషువా గారి అమ్మాయి. దొంగతనం మాన్పించడమే కాదు, చుట్టుపక్కల ఊళ్లవాళ్ల చూపు మార్చడానికి కూడా ఆ దంపతులు పాటుపడ్డారు.

లంకగాలి — గురువారం, రాత్రి 8:30

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం పాపని తీసుకుని లాకుల దగ్గరికి వెళ్లాను. గట్టు మీద రెండు పరదాల గుడిసెలున్నాయి, ఆవిడ బయటే కూర్చుని బద్దలు తీస్తోంది. వెదురుపువ్వు గారు చెప్పినట్టే, కత్తి కదలదు, వెదురు కదులుతుంది. పాప ఆ వేళ్లకేసి చూస్తూ నిలబడిపోయింది.

సోమవారం జరిగినదానికి ఏమీ అనుకోవద్దన్నాను. "చిన్నపిల్ల, దానికేం తెలుసమ్మా" అంది. కాసేపు పని చేసుకుని, తల ఎత్తకుండానే "గడియ పెట్టమని దానికి ఎవరు చెప్పారు?" అని అడిగింది. టీవీ అని చెప్పబోయి ఆగిపోయాను. ఆ సీను వస్తున్నప్పుడు పాప పక్కన కూర్చున్నది నేనే. ఛానల్ మార్చలేదు, ఇది తప్పు అని ఒక్క ముక్క కూడా అనలేదు.

చాట ఒకటి కొన్నాం. పాపకి చిన్న బుట్ట అల్లిస్తానంది, పచ్చి వెదురు ఉంది గానీ ఇంకా ఆరాలట. ఆదివారం రమ్మంది. ఆ తర్వాత వాళ్లు రాజోలు వైపు వెళ్లిపోతారట, ఆలోపు వెళ్లి తెచ్చుకోవాలి.